మస్తాన్ వేసుకోని మాత్రలు

నలభై ఏళ్లుగా ఒక అబద్ధం నా గుండెల మీద కూర్చుని ఉంది. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనభైల్లో నేను నరసరావుపేటలో ఒక డాక్టరుగారి దగ్గర కాంపౌండర్ని. మా అమ్మ నకరికల్లులో ఆదివారాలు కామెర్లకు పసరు పోసేది. పైసా పుచ్చుకోదు, ఆకు పేరు కన్నకొడుకుకైనా చెప్పదు. పసరు తాగినవాళ్లు ఉప్పూ కారం మానాలి, ఇంగ్లీషు మందు ముట్టకూడదు. పసరు మాటెత్తితే డాక్టరుగారికి ఒళ్లు మండేది. నేను ఆయన మందులు పొట్లాలు కడుతూనే, ఆయన రోగులను చాటుగా అమ్మ దగ్గరికి పంపేవాణ్ణి. సిగ్గు లేదూ నాకు? అప్పట్లో లేదు.

లారీ మెకానిక్ మస్తాన్‌నీ అలాగే పంపాను. ఏడాదిగా అతనికి కామెర్లు తగ్గినట్టే తగ్గి తిరగబెడుతున్నాయి. వైరస్ లివర్‌లో తిష్ఠ వేసిందని డాక్టరుగారు స్టెరాయిడ్ మాత్రలు వాడిస్తున్నారు. పసరు కోసం మస్తాన్ వాటిని ఒక్కసారిగా మానేశాడు. నెల తిరిగేసరికి మంచం పట్టాడు, కళ్లు పసుపు ముద్దలు. చచ్చిపోతాడనే అనుకున్నాను. అయినా ఆ సంగతి డాక్టరుగారి దాకా రానీయలేదు.

చావలేదు. కొన్నాళ్లకు తన కాళ్ల మీద తనే నడిచొచ్చాడు. గుంటూరు నుంచి రక్తం రిపోర్టు శుభ్రంగా వచ్చింది. అబ్బ, ఆ తెల్లటి కళ్లు చూసి నా ఒళ్లు గగుర్పొడిచింది! ఎవరు బాగుచేశారు ఇతన్ని? అమ్మ పసరా, దేవుడా, లేక మనకు తెలియకుండా మనలోనే ఉండి, ఎవరూ పిలవకుండానే లేచి నిలబడే ఇంకేదైనానా? ఇప్పటికీ తలుచుకుంటే ఆశ్చర్యమే.

డాక్టరుగారు రిపోర్టు రెండుసార్లు చదివారు.

"ఏమయ్యా, మాత్రలన్నీ వేసుకున్నాడా?"

"ఒక్కటి కూడా మానలేదండీ."

నిజం చెబితే పసరు సంగతి బయటపడుతుంది, నా ఉద్యోగం పోతుంది. అంతే.

అప్పుడే బెల్లంకొండ వైపు నుంచి మరియమ్మ వచ్చేది. క్వారీలో రాళ్లు మోసే మనిషి. అదే జబ్బు, అవే మాత్రలు, గుణం మాత్రం లేదు. డాక్టరుగారు ఆపేద్దామనుకున్నారు. మస్తాన్ గుర్తొచ్చి, అతనికి ఈ మందుతోనే తగ్గిందని మొగుడూ పెళ్లాలకు చెప్పి, మోతాదు పెంచి కొనసాగించారు. ఆమె పూట తప్పకుండా మింగింది. పొట్ట ఉబ్బింది. వానాకాలంలో పోయింది.

ఆ మాత్రలు ఆ వైరస్‌కే బలమిస్తాయని, హఠాత్తుగా మానితే కొందరిలో ఒళ్లే తిరగబడి దాన్ని తరిమేస్తుందని, కొందరు ఆ దెబ్బకే పోతారని చాలా ఏళ్లకు ఒక పెద్ద డాక్టరు చెప్పగా విన్నాను. మానేసి ఉంటే మరియమ్మ బతికేదా? తెలియదు. ఆ తెలియకపోవడం వెనక దాక్కోవాలని ఎన్నిసార్లు చూశానో! నేను చెప్పింది అబద్ధమని మాత్రం తెలుసు.

దినం అయ్యాక ఆమె మొగుడు ఆస్పత్రికొచ్చాడు. మిగిలిన మాత్రల పొట్లం నా చేతిలో పెట్టాడు.

"మస్తాన్‌కి తగ్గిచ్చిన మందంటగా అన్నా. మా ఆడదానికి రాత లేదు. ఇంకెవురికన్నా ఇయ్యి."

తీసుకున్నాను. మస్తాన్ ఇవి వేసుకోలేదయ్యా అన్న మాట అతనికి చెప్పలేదు. మీకు చెప్పాను.