కాకుల తోపు అంచు

రోస్విటా టిగ్గెమాన్ మా హెల్లెన్‌బ్రోక్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు ఉత్తరాలు పంచింది. వాన అనకుండా, మంచు అనకుండా పసుపుపచ్చ సైకిలు మీద తిరిగింది. ఏ ఇంటి కుక్క ఊరికే మొరుగుతుందో, ఏది నిజంగా కరుస్తుందో ఆమెకి తెలిసినంతగా ఆ కుక్కల్ని పెంచేవాళ్ళకే తెలియదు. తుంటి ఎముక అరిగిపోయి అరవయ్యో ఏట ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. మానుకున్న నెలకే ఊరి లైబ్రరీలో మేము పెట్టిన క్లాసుకి వచ్చి ముందు వరసలో కూర్చుంది.

మేము అంటే మ్యాపు గీసేవాళ్ళం. ఎవరైనా చేయి వేసి దిద్దగల ఆన్‌లైన్ మ్యాపు ఒకటుంది. అందులో మా ఊరి వీధులూ, బెంచీలూ, పోస్టు డబ్బాలూ గీసింది ఏ కంపెనీ జీతగాళ్ళో కాదు, మేమే ఏడెనిమిది మందిమి. నెలకోసారి స్టేషను పక్క బీరు హోటల్లో చేరి, ఏది ఎలా గీయాలో గొంతులు పోయేదాకా వాదించుకుంటాం. నా పేరు వెండెలిన్. తాళాలు బాగుచేసుకు బతుకుతాను. రోస్విటాకి ఈ పని నేర్పింది నేనేనని ఇప్పటికీ చెప్పుకుంటూ ఉంటాను.

మొదటి రోజే ఆమె నన్ను నిలదీసింది.

"పదిహేడో నంబరు ఇల్లు వీధికి ఆ పక్కన కదా ఉంది? ఇటు పెట్టారేం?"

"పైనుంచి తీసిన ఫొటో చూసి పెట్టాం."

"ఆ ఫొటో ఎప్పుడైనా గంట కొట్టి ఉత్తరం ఇచ్చిందా?"

ఏడాది తిరిగేసరికి ఊళ్ళో ఇళ్ళ నంబర్లన్నీ సరిచేసేసింది. ఆ తర్వాత చెట్ల మీద పడింది.

ఊరి పార్కుకి ఉత్తరాన క్రేయెన్‌బుష్ అని చిన్న అడవి ఉంది. కాకుల తోపు అని అర్థం. మ్యాపులో మాత్రం అడవీ పార్కూ కలిసి ఒకటే పచ్చ మరక. ఆరేళ్ళ కిందట ఎవరో కుర్చీలోంచి లేవకుండా చుట్టూ ఒక గీత లాగి, పార్కు అని రాసి వదిలేశారు. ఎవరికీ పట్టలేదు.

ఆ మరక ఒక చలికాలం మా మెడకి చుట్టుకుంది. మునిసిపాలిటీ వాళ్ళు కొత్త ఆటల హాలు కట్టాలనుకున్నారు. దానికి కార్లు నిలిపే చోటు కావాలి. ఊరి సభలో తెరమీద మా మ్యాపునే వేసి ఒక కౌన్సిలర్ వేలు పెట్టి చూపించాడు. "చూడండి, ఇక్కడ అడవి ఎక్కడుంది? అంతా పార్కే. పార్కులో నాలుగు చెట్లు తీసేయడానికి అటవీ శాఖ దాకా వెళ్ళక్కర్లేదు."

రోస్విటా, నేను వెనక వరసలో ఉన్నాం. "ఆ గీత ఎవరిదో చూడు," అని ఆమె నన్ను మోచేత్తో పొడిచింది. ఫోనులో పాత మార్పులన్నీ తిరగేసి చూశాను. నా చెవులు వేడెక్కాయి.

"నాదే," అన్నాను.

"సరే. రేపు పొద్దున ఎనిమిదింటికి బూట్లేసుకుని రా."



అది ఫిబ్రవరి. అడవి అంచు చూడాలంటే ఆకులు లేని కాలమే మంచిది. ఏ కాండం ఎక్కడుందో దాపరికం లేకుండా కనిపిస్తుంది. పైనుంచి తీసిన ఫొటోలో కొమ్మలు బాట మీదికి ఒరిగి ఉంటాయి, నీడలు గడ్డి మీద పడి ఉంటాయి. నాలాంటివాళ్ళు ఆ నీడని కూడా అడవిలో కలిపేస్తారు. చెట్ల కింద నిలబడితే ఫోను చూపించే చోటు కూడా పదేసి అడుగులు అటూ ఇటూ గెంతుతుంది. అందుకని రోస్విటా పొడుగాటి టేపు తెచ్చింది. దీపస్తంభం నుంచి మొదటి కాండానికి ఎంత, కంచె మూల నుంచి ఎంత, కాలిబాటలు కలిసేచోటి నుంచి ఎంత. నేను టేపు కొస పట్టుకునేవాణ్ణి. ఆమె ఊతకర్ర చంకలో ఇరికించుకుని పుస్తకంలో రాసుకునేది. యాభై అడుగులకోసారి తుంటి మీద చేయి వేసి, పళ్ళు బిగించి నిలబడిపోయేది.

"కాసేపు కూర్చో," అన్నాను ఒకసారి.

"కూర్చుంటే మళ్ళీ లేవలేను. కావాలంటే నువ్వు కూర్చో. టేపు మాత్రం వదలకు."

పదకొండు రోజులు పట్టింది. పార్కు వైపు అడవి మేమనుకున్న దానికన్నా పెద్దదని తేలింది. పిల్లల ఆటస్థలం వెనక ఓక్ చెట్లు విడివిడిగా ఉంటాయి కాబట్టి అందరూ వాటిని పార్కు చెట్లే అనుకునేవాళ్ళు. కానీ ఆ కింద గడ్డి కోసేవాళ్ళు ఎవరూ లేరు. రాలిన ఆకుల్లో కాళ్ళు చీలమండ దాకా దిగుతున్నాయి. పడిపోయిన దుంగలు పడిన చోటే కుళ్ళుతున్నాయి, వాటి పక్కన కొత్త మొలకలు లేస్తున్నాయి. అది అడవి నేలే. ఉత్తరాన మాత్రం వేరేలా ఉంది. తోపు ఒక పాత కందకం దగ్గర ఆగిపోయింది. కందకం నుంచి రైలు కట్ట దాకా ఉన్నది ఎప్పుడో మూతబడ్డ మొక్కల నర్సరీ స్థలం. ముళ్ళ తీగలు, మనిషెత్తు పొదలు, వేలి లావు మొక్కలు, తుప్పు పట్టిన నీళ్ళ గొట్టాలు.

ఈ సంగతి రోస్విటా తన పక్కింటి హైడ్రున్ పోల్‌మాన్‌కి చెప్పాలి. హైడ్రున్ బడిలో సంగీతం చెప్పి రిటైరైన మనిషి. తోపుని కాపాడే కమిటీ పెట్టింది ఆవిడే. ఇద్దరిదీ ముప్పై ఏళ్ళ స్నేహం, మధ్యలో కంచె కూడా లేదు. నేనూ వెంట వెళ్ళాను.

"రైలు కట్ట దాకా పచ్చగా వేసెయ్," అంది హైడ్రున్. "నాలుగు హెక్టార్ల అడవి అని కరపత్రాలు అచ్చయిపోయాయి."

"అడవి కందకం దాకే ఉంది. మూడు కూడా లేదు."

"మరి అవతలున్నవి చెట్లు కావా?"

"పొదలు. పొదలకి మ్యాపులో వేరే గుర్తుంది. అదే పెట్టాను."

"పదేళ్ళాగితే అవీ చెట్లవుతాయి!"

"అయిన రోజున వచ్చి మారుస్తాను."

"అసలు నువ్వు ఎవరి పక్షం రోస్విటా? అక్కడికి వెళ్ళి ఎవడు చూసొస్తాడు?"

"బూట్లున్నవాడు ఎవడైనా చూసొస్తాడు. ఉత్తరాన ఒక్క అబద్ధం దొరికిందంటే, మిగతా మూడు వైపులా మనం కొలిచింది కూడా అబద్ధమే అంటాడు. ఒకరి ఉత్తరం ఇంకొకరి డబ్బాలో నేనెప్పుడైనా పడేశానా? ఇదీ అంతే."

మర్నాడు మ్యాపులో కొత్త పేరుతో ఎవరో వచ్చి అడవిని రైలు కట్ట దాకా జరిపేసి, "ఇదంతా అడవే!!!" అని రాశారు. రోస్విటా వెనక్కి తెచ్చి, పక్కన రాసింది: "కందకం దగ్గర టేపుతో కొలిచాను. వస్తే చూపిస్తాను." ఎవరూ రాలేదు. రెండు రోజులకి అడవి మళ్ళీ జరిగింది. మూడోసారి కూడా జరిగాక నాకు చిర్రెత్తింది.

"ఈ ఖాతాని ఆపించేద్దాం. మ్యాపు నడిపే పైవాళ్ళకి ఒక్క ముక్క రాస్తే చాలు."

"వద్దు. అదెవరో నాకు తెలుసు," అంది రోస్విటా. "ప్రతి వాక్యం చివరా మూడేసి ఆశ్చర్యార్థకాలు పెట్టేది మా వీధిలో ఒక్కతే. ముప్పై పుట్టినరోజు కార్డులు చదివినదాన్ని, నాకు తెలియదా?"

ఆ సాయంత్రమే పక్కింటికి వెళ్ళింది. అక్కడ జరిగింది తర్వాత నాకు చెప్పింది. హైడ్రున్ కాదనలేదు. కేకు కోస్తున్న చాకు బల్ల మీద పెట్టి, తలుపు వైపు చూపించి, "మీరిక బయల్దేరండి, టిగ్గెమాన్ గారూ," అంది. ముప్పై ఏళ్ళ తర్వాత ఆ 'మీరు', ఆ 'గారు'.  తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని అడవిని మళ్ళీ కందకం దగ్గరికి తెచ్చింది. ఈసారి ఎవరూ జరపలేదు.

ఏప్రిల్‌లో మునిసిపాలిటీ నుంచి క్వాస్ట్ అనే అధికారి, అటవీ శాఖ నుంచి ఒక ఆవిడ తోపు చూడటానికి వచ్చారు. కమిటీ వాళ్ళు పదిహేనుమంది బోర్డులు పట్టుకుని వచ్చారు. హైడ్రున్ మమ్మల్ని చూడనట్టు నిలబడింది.

"మీ మ్యాపు చట్టమేమీ కాదండీ," అన్నాడు క్వాస్ట్, రోస్విటా చేతిలో కాగితం చూసి.

"కాకపోతే సభలో తెరమీద ఎందుకు వేశారు?"

జనం నవ్వారు. అటవీ శాఖ ఆవిడ కూడా నవ్వి, "పదండి, మీరే చూపించండి," అంది.

ముందు అందరం ఉత్తరం వైపు వెళ్ళాం. రోస్విటా కందకం దగ్గర ఆగి కర్రతో చూపించింది. "అడవి ఇక్కడితో అయిపోయింది. అవతలున్నవి పొదలు." కమిటీలో గుసగుసలు లేచాయి. "మనవాళ్ళే మనకి గొయ్యి తవ్వుతుంటే ఇక చెప్పేదేముంది?" అని ఎవరో గట్టిగానే అన్నారు. రోస్విటా తిరిగి చూడలేదు. క్వాస్ట్ మాత్రం ఆమె వైపు అదోలా చూశాడు. తనకి అనుకూలమైన మాట ఆమె నోట వినిపిస్తుందని అతను అనుకున్నట్టు లేదు.

ఆ తర్వాత ఆమె వాళ్ళని ఆటస్థలం వెనకకి తీసుకెళ్ళింది. ఓక్ చెట్ల కింద ఊతకర్రతో ఆకుల్ని పక్కకి తోసి నేల చూపించింది, మొలకలు చూపించింది, ఏ దీపస్తంభం నుంచి ఎన్ని అడుగులో చదివింది. అటవీ శాఖ ఆవిడ వంగి మట్టి చేతిలోకి తీసుకుని వాసన చూసింది. రెండు చోట్ల సొంత టేపు వేసి కొలిచి చూసుకుంది. అంకెలు కలిశాయి. ఇక మిగతా చోట్ల కొలవలేదు. రోస్విటా చెప్పింది చెప్పినట్టు రాసుకుంది.

జులైలో నిర్ణయం వచ్చింది. ఆటస్థలం వెనక ఓక్ చెట్ల నుంచి కందకం దాకా అంతా అడవే, చెట్టు ముట్టుకోవడానికి వీల్లేదు. కందకం అవతలి స్థలంలో కార్లు నిలుపుకోవచ్చు.

కమిటీ వాళ్ళు బీరు హోటల్లో పండగ చేసుకున్నారు. హైడ్రున్ రాలేదు. ఎందుకో ఆ కమిటీ వాళ్ళే మాకు చెప్పారు. ఆ పొదల్లో ప్రతి వేసవికీ నైటింగేల్ పిట్ట ఒకటి వచ్చి పాడేది. హైడ్రున్ తన శిష్యుల్ని వెంటబెట్టుకెళ్ళి దాని పాట వినిపించేది. ఆవిడ పోరాడింది అడవి కోసం కాదు, ఆ పిట్ట కోసమని మాకు అప్పుడు అర్థమైంది. ముందే చెప్పి ఉంటే రోస్విటా గీత మార్చేదా? మార్చేది కాదు. కానీ పక్కన కూర్చుని విని ఉండేది.

సెప్టెంబరులో యంత్రాలు వచ్చి పొదలన్నీ పెకలించాయి. నేను వెళ్ళేసరికి రోస్విటా కంచె దగ్గర నిలబడి ఉంది. కాస్త దూరంలో హైడ్రున్.  చివరికి హైడ్రునే దగ్గరికి వచ్చింది.

"దీన్ని కూడా గీస్తావా?"

"గీస్తాను. పొదల్ని తీసేసి పార్కింగు అని పెడతాను."

"నీకేమీ అనిపించదా?"

"ఎందుకనిపించదు? రాత్రంతా నిద్ర లేదు. అయినా లేని పొదల్ని ఉన్నాయని చూపిస్తే, వచ్చే వేసవిలో నీ పిల్లలెవరో ఆ పాట వినాలని ఇంతదూరం వచ్చి తారు చూసి పోతారు."

హైడ్రున్ కళ్ళు తుడుచుకుంది. ఇంటికి వెళ్ళేటప్పుడు ఇద్దరూ కలిసే నడిచారు గానీ, మాటలు పెద్దగా లేవు. ఇప్పుడు కూడా ఇదివరకటిలా కాదు. కేకు అయితే వస్తుంది, ఎక్కువసేపు కూర్చోరు.

ఆ రోజు రోస్విటా తన చేత్తోనే పొదల్ని మ్యాపులోంచి తుడిచేసింది. మార్పు కింద కారణం రాయాలి. "వెళ్ళి చూశాను," అని మాత్రం రాసింది.

తుంటికి ఆపరేషను మార్చిలో చేస్తామన్నాడు డాక్టరు. చెట్లకి ఆకులొచ్చాక, మే నెలలో పెట్టమని అడిగి మార్పించుకుంది. ఏటి అవతల నూట నలభై హెక్టార్ల అడవి ఉంది, దాని అంచు ఇంతవరకూ ఎవరూ కాలినడకన చూడలేదు. నవంబరు మూడో తేదీ ఉదయం, పడమటి మూల నుంచి మొదలుపెట్టింది.