చక్రధర్‌గారి బ్రెన్ గన్

చక్రధర్‌గారితో మాట ఎక్కడ మొదలుపెట్టినా చివరికి బ్రెన్ మెషిన్‌గన్ దగ్గరికే చేరుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో సింగపూర్‌లోనూ పేలిన తుపాకీ అది. ఆయన మాత్రం జన్మలో బొమ్మ తుపాకీ కూడా పేల్చలేదు. షిప్‌యార్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. సింగపూర్ టోవా పాయో పేటలోని ఫ్లాట్‌లో ఆ బాధంతా కోడలు నిఖిలది.

"మావయ్యగారూ, సాంబారు వేడిగా ఉంది, చూసుకోండి."

"వేడంటే గుర్తొచ్చిందమ్మా! ఆపకుండా కాలిస్తే బ్రెన్ బారెల్ కాలిపోతుంది. పిడి పట్టుకుని ఊడదీసి ఇంకోటి తగిలించడమే. క్షణాల్లో పని!"

నిఖిల మేనేజరు భోజనానికొస్తే, చక్రధర్‌గారు అతని ముందున్న నీళ్ల సీసా మీద అరటిపండు నిలబెట్టారు. "తూటాల మేగజైన్ ఇలా నెత్తిన ఉంటుంది. కిందుంటే నేలమీద పడుకుని కాల్చేవాడికి అడ్డం కదా! మరి గురెలా? అందుకే గురిచూసే ముక్కని ఎడమపక్కకి జరిపారు!" మేనేజరు పాయసం ముట్టకుండానే లేచాడు.

ఓ ఆదివారం మార్కెట్ నుంచి వస్తూ, ఫ్లాట్ల కింద ఖాళీగా వదిలిన వాయిడ్ డెక్‌లో నిఖిల కొయ్యబారిపోయింది. పదకొండుమంది మగవాళ్లు జంటలుగా బోర్లా పడుకున్నారు. చేతుల్లో మడిచిన గొడుగులు. మధ్యలో మావయ్య!

"బారెల్ హాట్!" అన్నారాయన.

"స్టాప్! ఛేంజ్!" పదకొండు గొంతులూ దద్దరిల్లాయి.

నిఖిల చేతిలో సంచి జారిపోయింది. "మావయ్యగారూ! పోలీసులొస్తారు! ఏమిటిదంతా?"

శ్రీకాకుళం నుంచి కట్టడం పనికొచ్చిన మారయ్య లేచి చొక్కా దులుపుకున్నాడు. "ఇంగ్లీసు క్లాసమ్మా."

"ఇంగ్లీషా!"

"తుపాకీకి ఇద్దరుంటారంట. ఒకడు కాలుత్తాడు. పక్కోడు నంబర్ టూ, మేగజైన్లూ బారెలూ మారుత్తాడు. ఆడు కేకెయ్యకపోతే ఇద్దరికీ ముప్పే. మొన్న సైట్లో క్రేన్‌కి ఏలాడతన్న బరువు కట్టు జారతంది. ఇదివరకైతే సూపర్‌వైజర్ ముందు నా నోరు పెగిలేది కాదు. 'స్టాప్!' అని అరిసేసినాను. క్రేన్ ఆగిపోనాది."

పడుకున్నవాళ్లలోంచి జనార్దన్ చెయ్యెత్తాడు. "దాని కిందున్నది నేనే మేడమ్."

నిఖిల మావయ్య వైపు తిరిగింది.

"పుస్తకం తెరిస్తే సిగ్గుపడ్డారమ్మా," అన్నారు చక్రధర్‌గారు నేలచూపులు చూస్తూ. "తుపాకీ ఆటనేసరికి గొంతులు లేచాయి. సైన్యంలో నిజంగా ఇలాగే అరుస్తారో లేదో నాకూ తెలీదు. షిప్‌యార్డులో నేనూ ఒకప్పుడు అరవలేకపోయినవాణ్ణే."

వరుస చివరనున్న కొండయ్యకి ఆ రోజు జత రాలేదు. గొడుగు పట్టుకుని ఒంటరిగా పడుకున్నాడు. నిఖిల ఓ క్షణం చూసి, చున్నీ నడుముకి బిగించి, అతని పక్కన బోర్లా పడుకుంది.

"బారెల్ హాట్!" అన్నాడు కొండయ్య మొహమాటంగా.

"స్టాప్!"

ఆరో అంతస్తు దాకా కిటికీలు తెరుచుకున్నాయి.