జోడీ లేని వాన
మా హైస్కూల్లో నా లెక్కల క్లాసుకీ షకీలా టీచర్ కోరస్ క్లాసుకీ మధ్య ఉన్నది ఒక్క గోడే. ఆవిడ హిందీ టీచరు. పాటలూ నాటకాలూ నేర్పమని ఎవరూ అడగలేదు. శనివారం చివరి రెండు పీరియడ్లు తనే అడిగి తీసుకుంది. అరవై మంది ఒక్కసారి గొంతెత్తితే నా బోర్డు మీది సమీకరణం ఎవరి బుర్రకెక్కుతుంది? డస్టర్‌తో గోడ బాదేవాణ్ణి. "సార్‌కి కూడా ఒక వేషం ఇద్దాం, కోపం తగ్గుద్ది" అని పిల్లలతో అనేది, నాకు వినపడేలా.

మా రెంటచింతల వైపు ఎండ సంగతి లోకమంతా ఎరుగును. మిరప కోతల సంగతి టీచర్లకే తెలుసు. కాయ ఎర్రబడితే చాలు, బెంచీలు ఖాళీ. పిల్లలు తల్లుల వెంట కూలికి పోతారు. వార్షికోత్సవమూ సరిగ్గా అప్పుడే తగలడుతుంది. అందుకే షకీలా టీచర్ ప్రతి వేషాన్నీ ఇద్దరికి నేర్పేది. రాజుకి జోడీ, బంటుకి జోడీ, ఆఖరికి ఎద్దు వేషానికీ జోడీ. ఒకరు చేనుకి పోతే ఇంకొకరు స్టేజీ ఎక్కేవారు. అలా పదకొండేళ్లు ఒక్క నాటకమూ ఆగలేదు.

ఆరేళ్ల కిందట వాన నాటకం రాసింది. ఎండిపోయిన ఊరి జనంగా కోరస్ "మబ్బుతల్లీ, ఎక్కడున్నావు?" అని పాడుతుంది. తెర వెనక నుంచి వాన ఒక్కతే బదులు పాడుతుంది: "దారిలో ఉన్నా, వచ్చేస్తున్నా." అప్పుడు పిల్లలందరూ అరచేతి మీద ఒక వేలితో, తర్వాత రెండు వేళ్లతో, చివరికి చెయ్యంతా పెట్టి కొడతారు. హాలంతా వాన చప్పుడే.

వాన వేషం తొమ్మిదో తరగతి స్వాతిది. తల్లి అంకమ్మ కూలిపని చేస్తుంది. ఆ పిల్ల గొంతు విన్న రోజు నేను డస్టర్ కింద పెట్టేశాను.

"దీనికి రెండో పిల్ల ఎవరమ్మా?" అని అడిగాను.

"దీనికి జోడీ లేదు సార్. ఇంకెవరు పాడినా నా మనసొప్పుకోదు" అంది.

వార్షికోత్సవం రోజు పొద్దున్నే స్వాతి తల్లితో కోతకి పోయింది. మూడున్నరైనా రాలేదు. షకీలా టీచర్ నా ఎదుటే ఫోన్ చేసింది. "అక్కా, పిల్లని పంపించు. అది లేకపోతే నాటకమే లేదు."

అంకమ్మ దొరికిన ఆటో ఎక్కించింది. అప్పటికే కిక్కిరిసిన ఆటో. స్వాతి డ్రైవర్ పక్కన అంచు మీద కూర్చుంది.

ఐదింటికి తెర లేచింది. పిల్ల బయల్దేరిందని టీచర్ ధైర్యం. కోరస్ పాడింది: "మబ్బుతల్లీ, ఎక్కడున్నావు?" బదులు లేదు. ఆగి, మళ్లీ పాడారు. మూడోసారి పాడుతుండగా నా ఫోన్ మోగింది. అంకమ్మతో కోతకి వెళ్లిన యల్లమంద. కాలువ మలుపులో ఆటో తిరగబడిందట. నలుగురికి దెబ్బలు. స్వాతి పోయింది.

షకీలా టీచర్ తెర పక్కన నిలబడి ఇంకా గేటు వైపే చూస్తోంది. నా సర్వీసులో అంత చేతకాని పని ఎన్నడూ తగల్లేదు. వెళ్లి చెప్పాను.

పదిహేను రోజులకి అంకమ్మ స్కూలుకి వచ్చింది. తిడుతుందని అందరం భయపడ్డాం. తిట్టినా బాగుండేది. టీచర్ చేతులు పట్టుకుని, "నువ్వు పిలిచావంటే చానా సంబరపడిందమ్మా. చేతులు మంటలని పొద్దుటి నుంచి ఏడుస్తా ఉన్న పిల్ల, ఆ మాట ఇనంగానే గెంతులేసింది" అంది.

షకీలా టీచర్ ఇక నాటకాలు మానేస్తుందనుకున్నాను. మానలేదు. ఏటా అదే నాటకం. అన్ని వేషాలకీ ఇద్దరిద్దరు, వానకి మాత్రం ఎవరూ లేరు. కోరస్ అడిగాక పిల్లలు మనసులో నాలుగు లెక్కపెట్టుకుని, అప్పుడు వేళ్లతో వాన మొదలుపెడతారు. ఆ కాసేపూ గోడకివతల నా సుద్దముక్క కూడా కదలదు.

మొన్న శనివారం వరండాలో నిలబడి చూస్తున్నాను. ఆరో తరగతిలో కొత్తగా చేరిన ఉజ్మా ఆగకుండా చప్పట్లు మొదలుపెట్టింది. పక్క పిల్ల చెయ్యి పట్టి ఆపింది.

"ఆగవే! అక్కడ నాలుగు లెక్కపెట్టాల."

"ఎందుకే?"

"ఏమో. పాటే అంత."

షకీలా టీచర్ చెబుతుందేమోనని చూశాను. ఆవిడ చెయ్యెత్తి, "మళ్లీ మొదటి నుంచి" అంది.

పిల్లలు మబ్బుతల్లిని పిలిచారు. స్వాతి ఎవరో తెలియని ఆ అరవై మందీ ఆమె పాడాల్సిన చోట నోరు మూసుకుని నిలబడ్డారు. షకీలా టీచర్ ఎప్పటిలాగే గేటు వైపు చూస్తోంది.