ఆడ లేదప్పా

అక్క నన్ను మోసం చేసిందని దాదాపు ఏడాది పాటు కనబడినవాళ్ళందరికీ చెప్పుకున్నాను. ఇద్దరం కలిసి తయారుచేసిన ఆటను నన్ను అడక్కుండా వేరే బడుల వాళ్ళకు ఇచ్చేసిందని నా బాధ. ఇచ్చిన మాట నిజమే. ఎందుకిచ్చావని మాత్రం ఆమెను ఒక్కసారీ అడగలేదు.

మాది బంగారుపాళ్యం దగ్గర ఇద్దరు టీచర్ల బడి. వయసులో ఆమె నాకంటే చాలా పెద్ద. ఊరంతా మేడం అనేది, నేను అక్కా అనేవాణ్ణి. ఒకటో తరగతి ఆమెది. పైన, కింద, లోపల, వెనక అనే మాటలు నేర్పడానికి పాత శుభలేఖలతో ఒక ఆట చేసింది. పెద్ద అట్ట మీద ఇంటి బొమ్మ. బుట్టకు, బిందెకు, తలుపుకు శుభలేఖ ముక్కతో ఒక్కో మూత. ఏదో ఒక మూత కింద పిల్లి బొమ్మ. "పిల్లి యాడుండాది?" అని ఆమె అడుగుతుంది. పిల్లలు మూత ఎత్తి చూడాలి. అక్కడ లేకపోతే, "ఆడ లేదప్పా, ఇంగో తూరి సూడు" అంటుంది. ఆ మాటలో మందలింపు ఉండేది కాదు. పిల్లి ఎక్కడుందో తెలిసి కూడా, ఆ మాట అనిపించుకోవడానికే పిల్లలు వేరే మూతలు ఎత్తేవాళ్ళు.

దాన్ని ట్యాబ్‌లోకి ఎక్కిద్దామన్నది నేను. కంప్యూటర్ పని కాస్త వచ్చు నాకు. మామిడి కాలం ఇంకా అయిపోలేదు. గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే లారీల హోరు బడిలోకి వినబడేది. బడి వదిలాక కిటికీలు మూసి, ఆమె తల మీదుగా దుప్పటి కప్పి, ఫోను చేతికిచ్చి మాటలు రికార్డు చేశాను.

"ఏమప్పా, నన్ను ఈడే ఉడకేసేస్తావా?" అని దుప్పట్లోంచి ఒకటే నవ్వు.

"ఇంకొక్కసారి అక్కా, మధ్యలో లారీ వచ్చింది."

"నీ లారీలు అయిపోయేలోపల నేను రిటైరైపోతా."

ఒకచోట "సూడు" అన్నాక నవ్వు ఆపుకోలేకపోయింది. దాన్ని తీసెయ్యకుండా అలాగే ఉంచాం. చెమట తుడుచుకుంటూ అడిగింది: "నేను రిటైరై పోయినాక గూడా నా గొంతు ఈ పిల్లోళ్ళతో మాట్లాడతానే ఉంటాది గదా?"

ఉంటుందక్కా అన్నాను.

పిల్లల పాఠాలు తయారుచేసే ఒక సంస్థ వాళ్ళు ఆట చూసి నన్ను తిరుపతికి పిలిచారు. "బొమ్మలు బాగున్నాయి. భాషే... యాడుండాది అంటే అన్ని జిల్లాల్లో ఎలా కుదురుతుంది సార్?" అన్నాడు పెద్దాయన. ఆ గదిలో ఉన్న నలుగురం చిత్తూరు వైపు వాళ్ళమే. టీ తాగేటప్పుడు వాళ్ళందరూ మాట్లాడింది ఆ భాషే. నేను వాదించవచ్చు. కనీసం ఆమెను ఒక మాట అడిగి చెబుతాననవచ్చు. "మార్చేద్దాం సార్" అన్నాను. అంతసేపూ నా యాస బయటపడకుండా జాగ్రత్తగా కూర్చున్నవాణ్ణి, ఆమె యాస కోసం ఏం నిలబడతాను!

ఆ పని మీద నన్ను తిరుపతికే డిప్యుటేషన్ వేయించుకున్నారు. ఆటకు వేరే అమ్మాయి గొంతు పెట్టారు. తప్పుచోట తాకితే మాట కూడా లేదు, బుర్రుమని ఒక శబ్దం. తయారుచేసినవారు అన్నచోట నా పేరు ఒక్కటే ఉంది. చూసి ఊరుకున్నాను. ల్యాప్‌టాప్‌లో చోటు చాలడం లేదని ఆమె రికార్డులన్నీ చెరిపేశాను. ఆమె ఫోన్ చేసినప్పుడల్లా "వచ్చేస్తుందక్కా" అనడం తప్ప ఏమీ చెప్పలేదు.

ట్యాబ్‌ను బడికి తీసుకెళ్ళిందీ నేనే. "దీంట్లో మా మేడమే మాట్లాడతాది" అని ఒక పాప నాకే చెప్పింది. అప్పుడైనా అక్కను పక్కకు పిలిచి విషయం చెప్పాల్సింది. పిలవలేదు.

పాప తెర తాకింది. "పిల్లి ఎక్కడ ఉంది?" అంది ఎవరిదో గొంతు. పిల్లలందరూ అక్క వైపు తిరిగారు. పాప కావాలనే బిందె మీద తాకింది. బుర్రుమంది. మళ్ళీ తాకింది. మళ్ళీ బుర్రుమంది.

"మేడం, ఇది నువ్వు కాదు!"

"నేనే పాపా. ఆ పొద్దు జలుబు సేసిండె నాకు. అందుకే గొంతు అట్ల మారిపోయింది."

నా పరువు పోకుండా ఆమె పిల్లల ముందు అబద్ధమాడింది. ఇద్దరం వరండాలోకి వచ్చాక నెమ్మదిగా అంది: "నన్ను అడిగింటే ఆ పుస్తకం భాషలో నేనే సెప్పుండేదాన్ని గదా. ఇన్నేండ్లుగా పాఠాలు సదివిస్తాండా. ఆ మాత్రం రాదనుకున్నారా సార్?"

నిజంగా ఆ ఆలోచనే నాకు తట్టలేదు. ఆమె నన్ను సార్ అనడం అదే మొదలు.

"పోనీ, నా గొంతన్నా నాకియ్యండి. ఫోన్లో పెట్టుకుంటా."

"వెతికి పంపిస్తాను" అన్నాను.

తర్వాత కొన్నాళ్ళకు చంద్రగిరి దగ్గర ఒక బడికి వెళితే, అక్కడి టీచర్లు కింద కూర్చుని శుభలేఖలు కత్తిరిస్తున్నారు. "మీ మేడమే నేర్పించింది సార్" అన్నారు సంతోషంగా. నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పటినుంచే, నమ్మితే మోసం చేసిందని చెప్పుకు తిరగడం. తిరుపతి బస్టాండులో టీ తాగుతూ ఒక పాత స్నేహితుడికీ చెప్పాను. అతనూ టీచరే. వాళ్ళ బడికీ ఆ ట్యాబ్ వచ్చింది. జరిగిందంతా మా బడి వైపు టీచర్ల ద్వారా అతనికి ముందే తెలుసు.

"అడక్కుండా ఇచ్చేసిందంటావు. సరే గానప్పా, గొంతు మార్చేటప్పుడు నువ్వు ఆమెను అడిగినావా?"

టీ సగంలోనే వదిలేసి డబ్బులిచ్చేశాను.

మర్నాడు బంగారుపాళ్యం బస్సెక్కాను. ఆమెకు బడిలో అది చివరి నెల. పిల్లలకు ఆట అట్ట ఇచ్చి వరండాలోకి వచ్చింది. నేను కూర్చోలేదు.

"అక్కా, నీ రికార్డులు నా దగ్గర లేవు. అప్పుడే చెరిపేశాను. వెతుకుతానని చెప్పింది అబద్ధం. తప్పంతా నాదే."

"తెలుసు సార్. ఉండింటే పంపేదానికి ఏడాది పడతాదా?" ఆమె గొంతులో కోపం లేదు. "అందుకే ఆ టీచర్లకు నేర్పించినా. గొంతు ఎట్లాగూ పాయె. మాటన్నా ఉంటాదని."

"మళ్ళీ రికార్డు చేద్దాం. ఇప్పుడే, ఇక్కడే."

"వద్దు సార్. మీరు దుప్పటి కప్పితే ఇప్పుడు నాకు నవ్వు రాదు."

లోపల్నుంచి ఒక పిల్ల అట్ట మోసుకొచ్చి నా ముందు పెట్టింది. "సార్, పిల్లి యాడుండాది?"

తలుపు మీది మూత ఎత్తాను. కింద ఏమీ లేదు.

"ఆడ లేదప్పా, ఇంగో తూరి సూడు!" తరగతి మొత్తం ఒక్కసారిగా అరిచింది. అంతమందీ నన్ను అప్పా అన్నారు. ఆమె కూడా గొంతు కలుపుతుందేమోనని తలెత్తి చూశాను.

ఆమె రోడ్డు వైపు చూస్తోంది. "బస్సు వచ్చే టైమైంది" అంది. "పోయిరండి సార్."