పదకొండు నుంచి ఏడున్నరకు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది గుంటూరులో ఒక నరాల ఆసుపత్రిలో స్కోరు కాగితాలు సరిచూసే పనిలో ఉన్నాను. నేను చదివింది ఇంటర్ వరకే. స్టాటిస్టిక్స్ పాత పుస్తకాలు కొని నేర్చుకున్నాను.

అటాక్సియా వంశంలో దిగే జబ్బు. నడక తూలుతుంది, చేతికి గురి తప్పుతుంది, మాట ముద్దవుతుంది. దాన్ని కొలిచే రేటింగ్ స్కేల్‌లో నడిపించి చూస్తారు, వేలితో ముక్కు తాకిస్తారు, ఇలా ఎనిమిది పనులు. మొత్తం నలభై మార్కులు. అంకె పెరిగితే జబ్బు పెరిగినట్టు. ఒకే రోగికి ఇద్దరు డాక్టర్లు విడివిడిగా వేసిన అంకెలు ఎంత దగ్గరగా ఉన్నాయో చూసి, స్కేల్‌ను ఎంత నమ్మవచ్చో నేను చెప్పాలి.

అప్పట్లో ఒక కొత్త మందు పరీక్షకు రోగులను తీసుకుంటున్నారు. రెండుసార్లు కొలుస్తారు, రెండుసార్లూ స్కోరు ఎనిమిదికి తగ్గకూడదు. సుబ్బాయమ్మకు మొదటిసారి పదకొండు వచ్చింది. అద్దంకి దగ్గర మిరపకాయల ముచ్చికలు తీసే కూలి ఆమె. పదిహేను రోజులకు మళ్లీ కొలిస్తే ఏడున్నర. ఇద్దరు డాక్టర్లదీ అదే అంకె. అంత చక్కగా కలిసిన కాగితం ఆ నెలలో మరొకటి లేదు. తృప్తిగా టిక్కు పెట్టాను. ఆ రోజే ఆమె రెండు చేతులతో గ్లాసు పట్టుకుని చీర తడుపుకోవడం చూశాను. దానికి కాగితంలో గడి లేదు.

రెండు నెలల తర్వాత కూతురు శైలజతో మామూలుగా చూపించుకోవడానికి వచ్చింది.

"మందు ఎప్పుడిస్తారు సార్? అమ్మ పాసైందిగా!" అంది శైలజ.

"పాసేంటమ్మా?"

"మొదటిసారి సరిగా చేయలేదని, రోజూ పొద్దున్నే రెండొందల సార్లు ముక్కు తాకించానండి."

"ఇది టీచరు కావాల్సింది బాబూ," అంది సుబ్బాయమ్మ ముద్దమాటలతో. "ముక్కు వాచిపోయింది. కాయ మాత్రం చేతిలో నిలవట్లేదు."

ఆమెను మళ్లీ కొలవమని అడగడానికి, మందు పరీక్ష చూసే డాక్టరు గారి దగ్గరకు పరుగెత్తాను. "సీట్లు నిండిపోయాయండీ," అన్నారాయన తలెత్తకుండా.

తిరిగి వచ్చి, అంకె తగ్గినందుకే మందు దక్కలేదని చెప్పాను. శైలజ నమ్మలేదు. "ఇలాగే కదా సార్ చేయమన్నారు?" అంటూ చేయి చాచి వేలు ముక్కు దగ్గరికి తెచ్చింది. వేలు ముక్కు దాటి చెంపకు తగిలింది. నవ్వి మళ్లీ చేసింది. మళ్లీ చెంపకే.

సుబ్బాయమ్మ ఆ చేతిని లాగి తన ఒళ్లో పెట్టుకుంది. "చాల్లేవే," అంది. ఆమె నవ్వలేదు.

ఇద్దరి అంకెలు కలిస్తే చాలు, నిజం దొరికిందనుకునేవాణ్ని. ఇప్పుడు ప్రతి రోగినీ ముందు అడుగుతాను, ఇంటి దగ్గర సాధన చేశారా అని. ఆ ప్రశ్న సుబ్బాయమ్మకు అందలేదు. శైలజ వేలు రెండుసార్లూ ఎంత దూరం తప్పిందో నా కళ్లు కొలిచాయి. ఆ అంకె నేను ఎక్కడా రాయలేదు, వాళ్లూ అడగలేదు.