ఏకిన వేళ్లు

రామన్నపేటలో దూదేకుల చోటే మియాకు చెట్ల సంగతి పెద్దగా తెలియదు. దూది సంగతి అడగండి, రోజంతా చెబుతాడు. ఏళ్ల తరబడి మనుషులు పడుకుని పడుకుని రాయిలా బిగుసుకుపోయిన పరుపును విప్పి, ఆ ముద్దల్ని విల్లుతో ఏకి, మళ్లీ పొంగేలా చేయడమే ఆయన బతుకు. ముద్ద కనబడితే ఆయన చేతులు ఊరుకునేవి కావు. పెళ్లిళ్ల ముందు ఆయన కోసం జనం ఇంటికొచ్చి కూర్చునేవాళ్లు. తర్వాత స్పాంజి పరుపులు వచ్చాయి. స్పాంజిని ఎవరు ఏకుతారు? విల్లు అటక ఎక్కింది. చేతులు మాత్రం ఏ పనీ లేక, పాత తాళ్లు, గోనెపట్టా పోగులు, ఏది దొరికితే అది విప్పుతూ కూర్చునేవి. భార్య ఖాదర్‌బీ చూసి, "నిన్ను ఊకె కూసోబెడితే ఇల్లు గుడ ఇప్పి పారేస్తవ్" అని నవ్వేది.

అది ఆమె నవ్విన రోజుల మాట. పోయినేడు పక్షవాతం వచ్చి కుడి పక్క మొత్తం పడిపోయింది. నల్లగొండ దవాఖానలో ఉంచుకున్నన్ని రోజులు ఉంచుకుని, ఇక ఇంతే, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మాట ముద్దముద్దగా వస్తుంది, అది చోటే మియాకు తప్ప ఎవరికీ అర్థం కాదు. పగలంతా కప్పు రేకుల వైపు చూస్తూ, "అల్లా నన్నెప్పుడు తీస్కపోతడో" అంటుంది. ఆ మాట వినీ వినీ ఆయనకు అన్నం సయించడం మానేసింది.

ఒక్క పొద్దుటి పూటే ఆ మాట అనదు. కిటికీ అవతల బకెట్‌లో ఉన్న గుండుమల్లె పూలు నాలుగు కోసుకొచ్చి ఆయన ఆమె ఎడమ చేతిలో పెడతాడు. తల్లో పెట్టుకోదు, వాసన కూడా చూడదు. పిడికిలి మూసి పట్టుకుంటుంది. అప్పుడు మాత్రం ఆ మొహంలోకి మనిషి తిరిగొస్తుంది. సొంతిల్లు రోడ్డు వెడల్పులో పోయిన రోజున సామానంతా వదిలేసి పెరట్లోని మల్లె నుంచి ఒక కొమ్మ కోసి రంగు డబ్బా బకెట్‌లో నాటుకొచ్చింది ఆమే. అప్పటినుంచీ ఎన్ని కిరాయి ఇళ్లు మారినా, ఆటోలో ఆమె ఒళ్లో కూర్చుని ఆ బకెట్ కూడా మారింది. నేల మాత్రం దానికి దొరకలేదు.

ఈ ఎండాకాలం మొగ్గలు విరగగాసి, విచ్చుకోకముందే రాలడం మొదలైంది. నీళ్లు పోస్తే పైనే నిలబడి, ఆ తర్వాత అంచుల వెంట జారి కింద కారిపోతున్నాయి. బకెట్ అడుగు బొక్కల్లోంచి వేర్లు బయటికొచ్చి బండను పట్టుకున్నాయి. పెద్ద దాంట్లోకి మారుస్తానంటే ఖాదర్‌బీ ఒప్పుకోదు.

"మొగ్గ మీదున్నది నిండు చూలాలసొంటిది. కదపొద్దు. వానలు పడ్డంక మారుస్తువు."

ప్రతి ఏడూ ఆమె ఇదే చెప్పింది, ప్రతి ఏడూ వానలు పడ్డాయి, ప్రతి ఏడూ ఈయన మరిచిపోయాడు. బద్ధకానికి వేరే పేరెందుకు పెట్టాలి?

చివరికి ఆమె పిడికిట్లో పెట్టడానికి ఒక్క పువ్వే దొరికిన రోజున, బండి మీద మొక్కలమ్మే పుష్పమ్మను ఆపాడు. ఆమె బకెట్‌ను వంచి అడుగు చూసింది.

"చోటే భాయ్, గిండ్ల మన్నేడున్నది? అన్ని ఏర్లే. ఇగ ఆగితే సస్తది. పూత మీదనే అయినా సరే, చల్లపొద్దుకు పెద్ద దాంట్లకు దించు. సుట్టుకున్న ఏర్లను జర ఇడదియ్యి, నీడకు పెట్టు."

జర అంటే ఎంతో పుష్పమ్మ చెప్పలేదు. చెప్పాలని ఆమెకు తోచలేదు.

సాయంత్రం నమాజ్ చేసుకొచ్చి, ఖాదర్‌బీకి చెప్పకుండా చోటే మియా పెరట్లో కూర్చున్నాడు. కత్తితో బకెట్‌ను నిలువునా చీల్చాడు. లోపల వేర్ల ముద్ద బకెట్ ఆకారంలోనే బిగుసుకుని ఉంది, అచ్చం ముసలి పరుపులోంచి తీసిన దూదిలాగా. దాన్ని చూడగానే ఆయన చేతులకు ప్రాణం లేచొచ్చింది. అంచున ఒక కొస పట్టుకుని లాగాడు, వదులైంది. ఇంకొకటి లాగాడు. మన్ను రాలింది. రాలని మన్నును నీళ్లతో కడిగాడు. వేళ్లతో దువ్వాడు, చిక్కు విప్పాడు, పోగు పోగునా విడదీశాడు. సన్నని తెల్లటి పీచు తెగి ఒళ్లో పడుతుంటే, దూది ఏకేటప్పుడు రాలే నలుసేనని దులిపేసుకున్నాడు. పని చేసి ఎన్నాళ్లయిందో! నోట్లో ఏదో కూనిరాగం కూడా తీశాడు మహానుభావుడు. వేర్లన్నీ జడ విప్పిన జుట్టులా వేలాడుతుంటే, ఇంత బాగా ఎవడు ఏకుతాడని మురిసిపోయి, పెద్ద సిమెంటు తొట్టిలో కొత్త మన్ను పోసి నాటాడు.

మర్నాటికే కొమ్మలు వాలిపోయాయి. తడి గోనె కప్పాడు, నీడకు జరిపాడు, పొద్దూ మాపూ నీళ్లు పోశాడు. మొగ్గలు కొమ్మ మీదే మాడి నల్లబడ్డాయి. వారానికి పుష్పమ్మ వచ్చి కాండం మీద గోటితో గీరింది. లోపల పచ్చదనం లేదు.

"ఏం జేసినవ్ భాయ్?"

"ఇడదియ్యమన్నవ్ గద. మొత్తం ఇడదీసిన. ఒక్క సిక్కు గుడ లేకుంట."

పుష్పమ్మ అక్కడే కూలబడింది. "గా సన్న పీసే గద నీళ్లు తాగేది! పూలు మోసే చెట్టుకు గదంత తెంపితివి, ఎట్ల బతుకుతది? జర అన్న గద, జర!"

ఆమె వెళ్లాక ఆయన ఇంట్లోకి పోవడానికి భయపడ్డాడు. ఇన్నాళ్లూ ఖాదర్‌బీతో, చెట్టును పక్కింటి నీడలో పెట్టానని అబద్ధమాడుతున్నాడు. ఆ అబద్ధానికి ఇక కాళ్లు లేవు. మంచం పక్కన కూర్చుని, చెట్టును పెద్ద తొట్టిలోకి మార్చానని, అది ఎండిపోయిందని చెప్పాడు. వేర్లను తను చేతులతో ఏం చేశాడో చెప్పబోయి ఆగిపోయాడు.

"ఏకినవా?" అంది ఖాదర్‌బీ.

"ఏకిన."

ఆమె తిడితే బాగుండును. నోటికొచ్చినట్టు తిట్టి, శాపనార్థాలు పెడితే, ఆయన ఆ తిట్లు తిని అయినా బతికేవాడు. ఆమె మొహంలో ఒక పక్క కదిలింది. అది నవ్వో ఏడుపో ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషికి కూడా తెలియలేదు.

"మంచిగనే ఏకి ఉంటవ్ తియ్," అంది.

చోటే మియా రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఆమె ఏడవనిచ్చింది. తర్వాత, కిటికీ కనబడకుండా తనను గోడ దిక్కు మలపమని అడిగింది. ఆయన భుజం కింద చెయ్యి పెట్టి, నొప్పి కలగకుండా, మెల్లగా ఆమెను గోడ దిక్కు మలిపాడు.