ఏ కన్నును నమ్మాలి

నా స్నేహితురాలికి కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయి రెండు నెలలైంది. ఎడమ కంటికి కూడా చేయించుకోమని డాక్టరు చెబితే ఆమె ససేమిరా అంది. కారణం విని నేను తల పట్టుకున్నాను. కంట్లో పెట్టిన అద్దం నాసిరకందట, దానికి నీలం అంటుకుని ఉందట, అందుకే ఆ కంటితో చూస్తే లోకమంతా నీలిమందులో ముంచి తీసినట్టు ఉందట.

"ఉండే ఒక్క మంచి కన్ను కూడా వాళ్ళ చేతికిచ్చి పూర్తిగా చెడగొట్టుకునేదా?" అనేది ఆమె వాదన.

ఇంకెవరైనా అయితే నవ్వేసి వదిలేదాన్ని. ఈమెకు నగరం నడిబొడ్డున చిక్కపేట బజారులో చీరల టోకు అంగడి ఉంది. తండ్రి పోయాక ముప్పై ఏళ్ళుగా తనే నడుపుతోంది. రంగు చూసి చెప్పడమే ఆమె బతుకు. ఒంగోలు నుంచి వచ్చి అదే నగరం శివారు వర్తూరులో కాపురమున్న నేను, చెల్లెలి పెళ్ళి చీరల కోసం ఒకసారి ఆ అంగడికి వెళ్ళాను. నేను ఎరుపు అన్నదాన్ని ఆమె దానిమ్మ గింజ అంది, నేను బ్రౌన్ అన్నదాన్ని తేనె రంగు అంది. గంటసేపు వాదించుకున్నాం. అప్పటినుంచి ఆమె నాకు అక్క. నేను సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. రోజంతా ఒకరు చేసినదాంట్లో తప్పులు వెతకడమే నా ఉద్యోగం కాబట్టి మేమిద్దరం బాగా కుదిరాం.

ఆపరేషన్ ఒక్కటే అయితే ఇంత బాధ లేదు. దానికి కొద్ది రోజుల ముందు, శ్రావణమాసం సరుకు వచ్చినరోజు నేను ఆ అంగడిలోనే ఉన్నాను. దొడ్డబళ్ళాపురం నుంచి ఒక నేతగాడు ఇరవై ఏళ్ళుగా ఆమెకు చీరలు నేసి ఇస్తున్నాడు. ఆరోజు ఆయన మూట విప్పగానే అక్క మొహం మాడిపోయింది. తను చెప్పింది నెమలికంఠం నీలం అంచు, వచ్చింది ఆకుపచ్చ అంచు అంది. ఆయన కాదన్నాడు. నలుగురు బేరగాళ్ళ ముందు అక్క గొంతు పెంచి, "నీ కండ్లకేమన్నా అయ్యిందా?" అనేసింది. ఆయన చీరలన్నీ మూట కట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు, ఫోన్ చేసినా ఎత్తలేదు. అక్క ఆ మాట తలుచుకుని కుమిలిపోయేది గానీ, రంగు విషయంలో మాత్రం తనదే నిజమని పట్టుబట్టేది.

వానలు తగ్గాక ఒక ఆదివారం, నగరానికి ఉత్తరాన ఉన్న నందికొండకు పోదాం రమ్మన్నాను. కొండలు, చెరువులు చూస్తే మనసు తేలికవుతుందని చెప్పాను. దారిలో ఆ రెండో కంటికి ఎలాగైనా ఒప్పించాలన్నది నా అసలు ఎత్తు. ఆమె మెట్రోలో కె.ఆర్.పురం వచ్చింది. చేతిలో చిత్రాన్నం డబ్బా, నల్లకళ్ళద్దాలు. కారెక్కగానే, "ఆపరేషన్ మాటెత్తితే దారిలో హొసకోటలో దిగిపోతాను" అని ముందే చెప్పేసింది.

దేవనహళ్ళి దాటాక ద్రాక్షతోటలు మొదలయ్యాయి. కొండ మలుపుల్లో మేఘాలు రోడ్డు మీదికి దిగి వచ్చాయి. వైపర్లు వేసుకుని మెల్లగా ఎక్కాను. పైన గోడ పక్కన నిలబడితే కాసేపు ఏమీ కనిపించలేదు, తర్వాత గాలికి తెర తొలగినట్టయి, కిందంతా పొలాలు, రాతిగుట్టలు, వాటి మధ్య నిండిన చెరువులు బయటపడ్డాయి. నాకు ఒళ్ళు పులకరించింది. ఆడామగా ఎవరినైనా 'అప్పా' అని పిలిచే అక్క నోరు ఊరుకుంటుందా?

"ఆ మడి చూడప్పా, చిలకపచ్చ. దాని పక్కన మెంతిరంగు అంచు. ఎవరు నేసినారో గానీ భలే నేసినారు" అంది. అంటూనే అరచేత్తో ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి చూసుకుంది. మొహంలో నవ్వు పోయింది. నేను చూడనట్టు చిత్రాన్నం డబ్బా మూత తీశాను.

కిందికి దిగి చిక్కబళ్ళాపురం వైపు ఒక చెరువుకట్ట పక్కన కారు ఆపాం. నీళ్ళు అలుగు దాకా ఉన్నాయి. అక్క మళ్ళీ కళ్ళ ఆట మొదలుపెట్టింది.

"ఎడమ కంటికి చెరువు పచ్చగా ఉండాది. కుడి కంటికి నీలంగా ఉండాది. ఏది నిజం?"

"నీలమే అక్కా."

"నీకేం తెలుసు? కంప్యూటర్లో చూపించేదే నీకు నీలం."

నాకు ఒళ్ళు మండింది. కట్ట దిగి అవతలున్న చామంతి తోటలోకి నడిచాను. కుడి కన్ను అలాగే మూసుకుని అక్క నా వెనకే వచ్చింది. తోటలో ఒకామె పూలు కోసి రెండు గంపల్లో వేస్తోంది. అక్క అడిగింది: "ఏమ్మా, అంతా ఒకే పువ్వు కదా, రెండు గంపలు ఏమిటికి?"

ఆమె విచిత్రంగా చూసింది. "ఒకే పువ్వా? ఇది తెల్లది, అది లేత పసుపు కదక్కా. కలిపేస్తే మార్కెట్లో ఎవరు తీసుకుంటారు?"

అక్క వంగి రెండు గంపల్లోంచి ఒక్కో పువ్వు తీసింది. కుడి కన్ను తెరిచి, ఎడమ కన్ను మూసింది. మళ్ళీ మార్చింది. మళ్ళీ మార్చింది.

"ఈ పాత కంటికి రెండూ ఒకటేగా ఉండాయి" అంది. నా వైపు తిరిగి అడిగింది: "ఆ పొద్దు అంగడిలో నువ్వుండావు కదా. ఆ అంచు నీకు ఏ రంగు కనపడింది?"

ఈ ప్రశ్నకు నేను సిద్ధంగా లేను. "నీలమే. నెమలికంఠమే అనుకున్నాను. రంగుల్లో నీకంటే నాకేం తెలుస్తుందని నోరు మూసుకున్నాను."

రోజంతా తప్పులు పట్టే నేను, పట్టాల్సిన ఒక్క రోజూ పట్టలేదు. సిగ్గుతో తల వంచుకున్నాను. తిడుతుందనుకున్నాను. ఆమె పూలు గంపల్లో సరిగ్గా వేసి, "కారు తీయప్పా. దొడ్డబళ్ళాపురం పోదాము" అంది.

దారిలో ఎడమవైపు కొండల వరస వెంటే వచ్చింది. ఆమె ఒక్క రంగు పేరు కూడా చెప్పలేదు.

నేతగాడి ఇంటి సందంతా మరమగ్గాల మోతే. గుమ్మంలో మమ్మల్ని చూసి ఆయన మగ్గం ఆపాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. అక్క చెప్పులు విడిచి లోపలికెళ్ళి నిలబడింది.

"తప్పు నాదేనప్పా. నువ్వు తెచ్చింది నెమలికంఠమే. కుడి కంటికి ఆపరేషన్ అయినాక, ఈ పొద్దు తెలిసింది: నా కన్ను చెడిపోయి నిన్ను అంత మాటన్నాను. నలుగురిలో అన్నాను, ఇప్పుడు ఈ పాప ముందర చెప్తాండాను."

ఆయన చేతులు తుడుచుకున్నాడు. తర్వాత స్టూలు జరిపి, "కూర్చోక్కా" అన్నాడు.

"నీ కన్ను సంగతి నాకు మూడేండ్ల నుంచి తెలుసు. నోటితో నెమలికంఠం అంటావు, రంగుల కార్డులో వేలు ఇంకో నీలం మీద పెడతావు. నేను నీ వేలు చూడకుండా నీ మాట విని నేస్తాంటి. అప్పుడు తేడా కొంచెమే, నువ్వు కనుక్కోలేదు. ఈసారి నీ కన్ను ముదిరి, తేడా పెరిగి దొరికిపోయినాను."

మూడేళ్ళుగా చిక్కపేటలో అక్క కంటికి వచ్చిన మంచిపేరు ఈయన మగ్గం మీద తయారైంది.

"ముందే చెప్పకూడదా?" అంది అక్క.

"చెప్తే నువ్వు అంగడి వదిలేస్తావని భయపడితి. నీ అంగడి లేకుంటే నాకు మాత్రం ఎవరుండారు?"

అక్క కొంగుతో మొహం తుడుచుకుని, తన మామూలు గొంతు తెచ్చుకుంది. "సరే, సంక్రాంతికి యాభై చీరలు కావాల."

"ఇయ్యను" అన్నాడాయన. "రెండో కన్ను కూడా చేయించుకోని రా. అప్పుడు కార్డు మీద వేలు పెట్టి చెప్పు. ఈసారి నువ్వు వేలు పెట్టిందే నేస్తాను."

అక్క సంచిలోంచి ఫోన్ తీసి గుమ్మంలోకి వెళ్ళింది. ఆయన వెనక్కి తిరిగి మగ్గం వేశాడు. ఆ మోతలో, ఒక చెవి మూసుకుని, ఆసుపత్రివాళ్ళతో ఆమె అరుస్తోంది: "ఎడమ కన్నప్పా, ఎడమది! రేపైనా సరే, నేను వస్తాను!"